ఊపిరితిత్తుల బి.పి. – బీట్‌రూట్ రసం

బి.పి. అనగానే చేతికి పట్టీ కట్టి చూసేదే మనకు గుర్తుకొస్తుంది. గుండె నుండి ఊపిరితిత్తులకు రక్తాన్ని తీసుకుపోయే నాళాలలో కూడా ఒత్తిడి పెరుగుతుంది. చేతికి చూసే బి.పి.లో ఇది తెలియదు. నాలుగడుగులు వేస్తే ఆయాసం, కాళ్ల వాపు, కళ్లు తిరగడం దీని గుర్తులు. ఏళ్ల తరబడి పొయ్యి పొగ పీల్చి ఊపిరితిత్తులు చెడినవారికీ, చిన్ననాటి కీళ్ల జ్వరం వల్ల గుండె కవాటాలు పాడైనవారికీ ఇది రావచ్చు.

మనం పెబ్బేరు సంతలో కొనుక్కునే బీట్‌రూట్, పాలకూర, తోటకూరలలో నైట్రేట్ అనే లవణం ఉంటుంది. నోటిలోని సూక్ష్మజీవులు దానిని నైట్రైట్‌గా మారుస్తాయి. శరీరంలో అది నైట్రిక్ ఆక్సైడ్ అయి రక్తనాళాలను వదులు చేస్తుంది. 2008లో లండన్ పరిశోధకులు బీట్‌రూట్ రసం తాగిన ఆరోగ్యవంతులలో మామూలు బి.పి. కొన్ని గంటలపాటు తగ్గడం చూశారు. 2012లో నైట్రేట్ ఇచ్చిన చిట్టెలుకలలో ఊపిరితిత్తుల ఒత్తిడి కూడా తగ్గింది. అయితే రోగులకు ఇదే మందు అని ఇంకా రుజువు కాలేదు.

కాబట్టి ఆకుకూరలు తిందాం, రసమూ తాగుదాం. డాక్టరు ఇచ్చిన మందులు మాత్రం మానవద్దు. మూత్రపిండాలలో రాళ్లున్నవారు, బి.పి. మాత్రలు వాడేవారు డాక్టరును అడిగే ఈ రసం తాగాలి. తాగాక మూత్రం కాస్త ఎర్రబడితే భయపడనక్కరలేదు. ఇంట్లో అమ్మకు ఆయాసం వస్తుంటే "వయసు మీద పడింది" అని ఊరుకోక, ఆసుపత్రికి తీసుకువెళ్లి గుండెకు ఎకో పరీక్ష అవసరమేమో అడుగుదాం. పొయ్యి పొగ బయటికి పోయే దారి కూడా చూద్దాం.