చిప్స్ పాకెట్ తెలిసిన కంటికి జమ్మాకు తెలియదా?



ఈ కాలం పిల్లలకు కంపెనీ గుర్తులు తెలిసినన్ని చెట్ల ఆకులు తెలియవని పెద్దలు వేదికలెక్కి బాధపడుతుంటారు. మాట నిజమే. కాని తప్పంతా పిల్లల మీదికి, ఫోన్ల మీదికి నెట్టేయడం నాకు నచ్చదు. సిరిసిల్లలో కిరాణా దుకాణం నడుపుతాను. అక్షరాలు రాని పిల్ల కూడా పైన వేలాడే దండల్లోంచి తనకు కావలసిన పాకెట్‌నే వేలు పెట్టి చూపిస్తుంది. అదే రంగు, అదే బొమ్మ, పేరులో ఒక్క అక్షరం మార్చిన నకిలీ సరుకు చేతిలో పెడితే "ఇది కాదు, అసల్ది ఇయ్యి" అని తిరిగిచ్చేస్తుంది. ఇంత నిశితమైన చూపున్న పిల్లకు చింతాకు, తుమ్మాకు తేడా పట్టుకోవడం కష్టమా?

ఇది నా దుకాణం ముచ్చటే కాదు. 2002లో 'సైన్స్' పత్రికలో కేంబ్రిడ్జ్ పరిశోధకుల లేఖ ఒకటి వచ్చింది. బ్రిటన్‌లో ప్రాథమిక పాఠశాల పిల్లలకు బొమ్మల కార్డులు చూపించి పేర్లడిగారు. ఎనిమిదేండ్ల పిల్లలు పోకెమాన్ బొమ్మల్లో దాదాపు 80 శాతం పోల్చారు. తమ దేశంలో మామూలుగా కనిపించే చెట్లు, జంతువుల్లో మాత్రం ప్రాథమిక బడి ముగించేనాటికి కూడా పిల్లలు సగం చెప్పలేకపోయారు. పిల్లల బుర్రలో జాగా లేక కాదు, దాన్ని మనం దేనితో నింపుతున్నామన్నదే ప్రశ్న.

మన దగ్గరి ఉదాహరణే చూద్దాం. మగవాళ్లు మరమగ్గాల మీద, ఆడవాళ్లు బీడీల మీద సంసారం లాక్కొచ్చిన ఇండ్లు సిరిసిల్లలో ఎన్నో. జగిత్యాల, కోరుట్ల వైపూ బీడీల పని తెలియని వాడ అరుదు. బీడీలు చేసే అక్కను తునికాకు గురించి అడగండి. తడిపిన కట్టలోంచి ఆకు తీయగానే ముదురో లేతో, ఎక్కడ చిల్లుందో, ఎన్ని ముక్కలు తెగుతాయో వేళ్లకే తెలిసిపోతుంది. అదే అక్కను తునికి చెట్టు కింద నిలబెడితే పోల్చుకోకపోవచ్చు. ఎండాకాలం అడవికి పోయి ఆకు తెంపి, యాభై ఆకులకో కట్ట కట్టి కల్లానికి చేర్చేవాళ్లు వేరు, ఇంట్లో చాట ముందేసుకొని చుట్టేవాళ్లు వేరు. చేతికి పని ఉన్నంత మేరే కన్ను నేర్చుకుంటుంది. మరి మన పిల్లల చేతికి ఆకుతో మనం పెట్టిన పనేమిటి?

పండుగలున్నాయి కదా అంటారు. వాటి సంగతీ చెప్తాను. వినాయక చవితికి 21 రకాల పత్రితో పూజ. ఉత్తరేణి, వావిలి, రేగు, మద్ది, జిల్లేడు, జమ్మి అన్నీ అందులో ఉండాలి. ఏడాదికోసారి ఇంటిల్లిపాదికీ ఆకుల పరీక్ష పెట్టినట్టే. ఇప్పుడు బజార్లో కట్ట కొంటాం, అందులో ఏమున్నదీ చూడం. దసరాకు జమ్మాకు చేతిలో పెట్టి 'బంగారం' అని అలాయ్ బలాయ్ తీసుకుంటాం. ఆ ఆకు జమ్మిదేనా అని ఎందరు చూస్తున్నారు? జమ్మి మన రాష్ట్ర వృక్షం కూడాను. జమ్మికీ నల్లతుమ్మకీ తేడా తెలుసుకోవడానికి పెద్ద చదువు అక్కర్లేదు: నల్లతుమ్మకు ఆకు మొదట్లో పొడుగాటి తెల్లముళ్లు జంటగా ఉంటాయి, జమ్మికి కొమ్మ పొడవునా అక్కడక్కడ చిన్నముళ్లు. తంగేడు రాష్ట్ర పుష్పం. పూసినప్పుడు అందరికీ తెలుసు, పువ్వు రాలితే అదే పొద పక్కనుంచి పోతాం. ఆకు మొదట్లో చెవి తమ్మెల్లాంటి రేకులు చూస్తే చాలు, పోల్చుకోవచ్చు. గునుగైతే మరీ అన్యాయం. బతుకమ్మకు నెల ముందు దాన్ని కలుపని మందు కొట్టి చంపుతాం, పండుగ నాడు బజార్లో కొనుక్కుంటాం.

దుకాణంలో పిల్ల చూపించే తెలివి మన పెద్దల దగ్గర లేకపోవడమే నా ఫిర్యాదు. గుర్తు తెలిసినవాడు నకిలీని తిప్పికొడతాడు. ఆకు తెలియనివాడికి పచ్చగా ఏది కనబడినా చెట్టే. కోనోకార్పస్ సంగతి గుర్తుందా? రాష్ట్రంలో రోడ్ల డివైడర్ల మీద, వెంచర్ల గేట్ల దగ్గర వరుసగా నాటారు. తొందరగా పెరుగుతుంది, పశువు ముట్టదు, ఫొటోలో నిండుగా కనబడుతుంది. అది ఈ నేల మొక్క కాదని జనంలో అడిగినవాళ్లు తక్కువ. 2022లో ప్రభుత్వమే ఇక పెంచవద్దని చెప్పాల్సి వచ్చింది. 2018 పంచాయతీరాజ్ చట్టం నాటిన మొక్కల్లో 85 శాతం బతకాలంటుంది. మంచిదే. బతికిన మొక్క పేరు ఆ ఊరి బడిపిల్లలకు తెలియాలని మాత్రం ఏ లెక్కలోనూ లేదు.

ఆకు తెలిస్తే కడుపు నిండుతుందా అని మా మిత్రుడొకరు అడిగారు. నిండదు. బిస్కెట్ కంపెనీ బొమ్మ గుర్తుపట్టినా నిండదు, జేబులోంచి పది రూపాయలు పోతాయంతే. దాన్ని మాత్రం ఎవరూ దండగ చదువనలేదు.

చెట్లకు పేర్ల పలకలు కొట్టమని కొందరంటారు. దానికి నేను ఒప్పుకోను. పలక చదివినవాడికి అక్షరాలొస్తాయి, ఆకు రాదు. పెత్రమాస సెలవులకు ముందు ప్రాథమిక పాఠశాలల్లో ఒక పూట బల్ల మీద పది ఆకులు పెట్టి పిల్లల్ని పేర్లు చెప్పమనండి. పువ్వు, కాయ, చీటీ ఏమీ వద్దు. మార్కులూ వద్దు. పరీక్ష పెట్టేందుకు ఊళ్లో మేకలు కాసేవారిని పిలవండి. ఏ ఆకు మేక తింటుందో, ఏది ముట్టదో, ఏ కొమ్మ నరికితే మళ్లీ చిగురు వేస్తుందో వాళ్లకు తెలిసినంత మనకెవరికీ తెలియదు. ఊరికే పిలవొద్దు, ఆ పూట కూలి కట్టి ఇవ్వండి.

సంపాదకులారా, మీకూ ఒక విన్నపం. మీ పత్రిక మొదటి పేజీ కొన్ని రోజులు నిండా కంపెనీ గుర్తులతోనే వస్తుంది. పత్రిక నడవాలి కాబట్టి తప్పుపట్టను. జిల్లా పేజీలో వారానికో ఆకు ఫొటో వేయండి, నాలుగు వేళ్ల వెడల్పు చాలు. మనవాళ్లు పిలిచే పేరే పెట్టండి. మొదట జమ్మి, పక్కనే నల్లతుమ్మ. ఆదివారం ప్రకటనలకు జాగా కావాలంటే మంగళవారం వేసినా సరే.

ఇట్లు
ఒక కిరాణా వ్యాపారి,
సిరిసిల్ల