ఫీజు లేదు సరే.. ఆ దేశం గురించి తెలుసా?

'జర్మనీయే ఎందుకు?' అని అడిగితే మీలో చాలామంది దగ్గర రెండు జవాబులు సిద్ధంగా ఉంటాయి. ఒకటి, ప్రభుత్వ యూనివర్సిటీల్లో ట్యూషన్ ఫీజు ఉండదు. రెండు, చదువయ్యాక ఉద్యోగం దొరుకుతుంది. మొదటిది చాలాచోట్ల నిజమే, బాడెన్-వుర్టెంబర్గ్ లాంటి రాష్ట్రంలో మాత్రం మనవాళ్లు ఫీజు కట్టాల్సిందే. అసలు తేల్చుకోవాల్సింది రెండోది.

లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో విద్యార్థులే జర్మన్ సింపోజియం నడుపుతారు. అమెరికాలో హార్వర్డ్ విద్యార్థులు జర్మన్ అమెరికన్ కాన్ఫరెన్స్ నిర్వహిస్తారు. జర్మనీ రాజకీయాలు, ఆర్థిక వ్యవస్థ, సమాజం గురించి నాయకులు, కంపెనీల పెద్దలు, ఆర్థికవేత్తలు వచ్చి మాట్లాడతారు. అంశం ఎంచుకోవడం, వక్తలను ఒప్పించడం, స్పాన్సర్లను వెతకడం లాంటి పనులన్నీ విద్యార్థులవే. ఇరవై ఏళ్ల కుర్రాళ్లు ఒక దేశాన్ని ఇంత పట్టుదలగా చదువుతుంటే, అదే దేశానికి అప్పు చేసి వెళ్లే మనం దాని గురించి ఎంత చదువుతున్నాం?

'రాజకీయాలతో నాకేం పని' అనుకోకండి. బడ్జెట్ విషయంలో గొడవపడి 2024 నవంబరులో అక్కడి సంకీర్ణ ప్రభుత్వం కూలింది. 2025 ఫిబ్రవరి ఎన్నికల్లో వలసలపై గట్టిగా వ్యతిరేకత చూపే ఏఎఫ్‌డీ రెండో స్థానానికి వచ్చింది. మే నెలలో ఫ్రీడ్రిష్ మెర్జ్ ఛాన్సలర్ అయ్యారు. 2023, 2024 రెండేళ్లూ ఆర్థిక వ్యవస్థ కుంచించుకుపోయింది. 2030 నాటికి 35 వేలకు పైగా ఉద్యోగాలు తగ్గించుకునేలా ఫోక్స్‌వాగన్ కార్మిక సంఘంతో ఒప్పందం చేసుకుంది. కార్ల కంపెనీలో ఉద్యోగమే లక్ష్యంగా పెట్టుకున్న మెకానికల్ విద్యార్థికి ఇది దూరపు వార్త కాదు.

అయితే బెంబేలెత్తక్కర్లేదు. నాణేనికి రెండో వైపు కూడా చూడండి. రాజ్యాంగంలోని అప్పుల పరిమితిని 2025 మార్చిలో సడలించి, రైల్వే, వంతెనలు, విద్యుత్ లాంటి మౌలిక వసతుల కోసం 50 వేల కోట్ల యూరోల నిధికి దారి తెరిచారు. జనాభా వయసు పెరుగుతోంది కాబట్టి నైపుణ్యం ఉన్నవాళ్ల అవసరమూ ఉంది. అర్హతలున్నవాళ్లు అక్కడికే వెళ్లి ఉద్యోగం వెతుక్కునేలా 2024 జూన్‌లో ఆపర్చ్యూనిటీ కార్డు తెచ్చింది అందుకే. అంటే ఒక తలుపు మూసుకుంటుంటే ఇంకోటి తెరుచుకుంటోంది. ఏది ఎక్కడుందో తెలిసినవాడికే కోర్సు ఎంచుకోవడం చేతనవుతుంది.

సమాజం సంగతీ అంతే. రెండు వేల మందికి మించి ఉద్యోగులున్న కంపెనీల్లో పర్యవేక్షక బోర్డులోని సగం సీట్లు ఉద్యోగుల ప్రతినిధులవే. మేనేజరు చెప్పిందే వేదం అనే అలవాటుతో వెళితే అక్కడ మొదటి మీటింగులోనే ఇబ్బంది పడతారు. క్లాసులు ఇంగ్లిష్‌లో జరిగినా, చాలా ఉద్యోగాలు జర్మన్ భాష అడుగుతాయి.

మరి ఏం చేయాలి? హార్వర్డ్ దాకా వెళ్లక్కర్లేదు. మీ కాలేజీ సెమినార్ హాలు చాలు. అయిదుగురు కలవండి. 'జర్మనీ కార్ల పరిశ్రమ మందగిస్తే మన ఇంజినీర్ల దారేది?' లాంటి ఒకే ప్రశ్న తీసుకోండి. ఎకనామిక్స్ లెక్చరర్‌ను పిలవండి, అక్కడ పనిచేస్తున్న ఒక సీనియర్‌ను వీడియో కాల్‌లో కలపండి. అక్కడికెళ్లి ఉద్యోగం దొరకనివాళ్లు ఉంటే వాళ్లనీ మాట్లాడించండి. నిజం అక్కడే బయటపడుతుంది.

రెజ్యూమెలో 'సెమినార్‌కు హాజరయ్యాను' అన్న లైను ఎవరూ పట్టించుకోరు. 'ముగ్గురు వక్తలను ఒప్పించి, ఇంత ఖర్చులో, ఇంతమందితో నడిపాను' అని చెబితే హెచ్‌ఆర్ తల ఎత్తి చూస్తారు. ఆ తర్వాత మీరు జర్మనీ వెళ్లినా, ఇక్కడే ఉద్యోగంలో చేరినా ఆ అనుభవం మీదే. బ్లాక్డ్ అకౌంట్‌లో ఇంట్లోవాళ్ల డబ్బు వేసే ముందు, ఆ దేశం మీద మీ సొంత సమయం కొంత పెట్టండి.