జరూర్ ఆనా... కానీ ఎవరింటికి?



2025 మే నెలలో మన షహర్ నిండా ఒక పిలుపు వేలాడింది. 'తెలంగాణ, జరూర్ ఆనా'. మిస్ వరల్డ్ పోటీలకు వందకు పైగా దేశాల నుంచి వచ్చిన అమ్మాయిల కోసం సర్కారు ఎంచుకున్న మాట అది. శుభలేఖ చేతిలో పెట్టి మన ఖాందాన్లో పెద్దవాళ్లు అనే మాట. ఆ అమ్మాయిలను చార్మినార్ దగ్గర నడిపించారు, లాడ్ బజార్లో గాజులు చూపించారు, చౌమహల్లా ప్యాలెస్‌లో రాత్రి దావత్ ఇచ్చారు. అందాల పోటీలు మనకు పసందా నాపసందా అన్నది వేరే బహస్, ఇప్పుడు దాని జోలికి వెళ్లను. టీవీలో చూస్తూ మా అత్తమ్మ "మన ఊరు ఎంత బాగుందే!" అంది. నాకూ నాజ్ అనిపించింది. అబద్ధం చెప్పను.

తర్వాత ఆలోచిస్తే ఒక సవాల్ గొంతులో ముల్లులా దిగింది. పిలుపు మన మాటలో ఉంది, దావత్ మన గల్లీలో ఉంది, గాజులు మన కారీగర్లు చేసినవి. ఇంతకీ ఆ దావత్‌లో మేజ్బాన్ ఎవరు? మనమా? లేక వచ్చిన మెహమాన్లకు చూపించే సామాన్లలో మనమూ ఒక సామానా?

లక్క గాజులకు 2024లో జీఐ గుర్తింపు వచ్చింది. మంచిదే. కానీ పాతబస్తీ ఇరుకు గదుల్లో బొగ్గుల కుంపటి ముందు కూర్చుని, వేళ్లు కాలుతుంటే లక్క సాగదీసి ఒక్కో రాయీ అద్దే వాళ్ల పేరు ఏ స్టేజీ మీదా వినలేదు. గాజు మెరిసింది. చెయ్యి కనబడలేదు.

ఆ ఏడాదంతా నేను ఇదే లెక్క చూస్తూ వచ్చాను. షహర్‌లో సాల్ పొడుగునా మేళాలు, జలసాలు, సాహిత్య సభలు. వాటిలో ముసల్మాన్‌కు ఇచ్చిన పని ఏమిటి? హలీమ్ వండాలి, ఖవ్వాలీ పాడాలి, మెహందీ పెట్టాలి, వెనకాల చార్మినార్ బొమ్మ ఉండాలి. మైక్ ముందు ఎవరో ఒకరు 'గంగా జమునీ తహజీబ్' అనాలి. తాళియా! ఆ తరువాత మనం ఇంటికి.

రంజాన్ సంగతే తీసుకోండి. 2010లో హైదరాబాద్ హలీమ్‌కు జీఐ గుర్తింపు వచ్చింది. ఇప్పుడు షహర్‌కు అది రంజాన్ నెల కాదు, హలీమ్ నెల. పక్క ఫ్లాట్ ఆవిడ రోజా ఎలా ఉందని అడగదు, ఈసారి ఏ హోటల్ హలీమ్ బాగుందని అడుగుతుంది. నేనూ తడుముకోకుండా రెండు పేర్లు చెప్తాను! అందుకే ఖసూర్ అంతా వాళ్ల మీద వేయలేను. ఆఖరి అషరా వచ్చేసరికి మన మసీదుల్లో తరావీహ్ సఫ్‌లు పలచబడతాయి, మదీనా బిల్డింగ్ నుంచి చార్మినార్ దాకా కాలు పెట్టే చోటుండదు. బరకత్ రాత్రులను బేరం రాత్రులు చేసుకున్నది మనమే. మన పండగ అంటే తిండీ బట్టా అని మనమే చూపిస్తుంటే, చూసేవాడు ఇంకేం నేర్చుకుంటాడు?

ఇక ఎల్‌బీ స్టేడియంలో సర్కారీ దావతే ఇఫ్తార్. ఏ పార్టీ సర్కారైనా సరే, ఆ సాయంత్రం తస్వీర్ ఒక్కటే. టోపీ, భుజాన రుమాలు, నోటికి అందించిన ఖజూర్. ముందు వరుస కుర్చీ కోసం మన పెద్దలు పడే తంటాలు చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియదు. ఆ కుర్చీలో కూర్చున్న పూట ఒక్కరైనా లేచి, "సాబ్, 2017లో ఉర్దూను రాష్ట్రమంతటికీ రెండో అధికార భాష చేశారు, షుక్రియా. మరి ఉర్దూ బడుల్లో టీచర్లు ఏరీ?" అని అడిగితే ఆ ఖజూర్ ఇంకా తియ్యగా ఉండేది.

ఉర్దూ గురించి ఇంత మాట్లాడుతున్నాను గానీ, మా ఇంట్లో మాట తెలుగే. మాది ఒంగోలు వైపు. నన్ను ఫజర్‌కు లేపేటప్పుడు మా అమ్మ "లేవవే, సూర్యుడు రాకముందే రెండు రకాతులు చదువుకో" అనేది. అల్లాహ్‌తో దువా కూడా తెలుగులోనే చేసుకున్న ఇల్లు మాది. ఇది చదివే మీలో చాలామంది ఇళ్లు కూడా అలాంటివేనని నాకు మాలూమ్. అసలు దర్ద్ ఇక్కడుంది. షహర్ క్యాలెండర్‌లో ఉర్దూ మాట్లాడే ముసల్మాన్‌కు అలంకారంగానైనా ఒక జాగా ఉంది. తెలుగు మాట్లాడే ముసల్మాన్‌కు అదీ లేదు.

మా పాప బడిలో కల్చరల్ డే పెట్టారు. పాపకు వేమన పద్యాలంటే ప్రాణం, ఆరు పద్యాలు కంఠస్థం చేసుకుని వెళ్లింది. వాళ్ల టీచర్ విన్నది, మెచ్చుకుంది కూడా. ఆ తరువాత "పద్యాలు వేరేవాళ్లు చెప్తున్నారు కదమ్మా, నువ్వు ముస్లింలా రెడీ అయి రా, ఉర్దూలో ఏదైనా పాట పాడు" అంది. ఆమెలో కీడు లేదు, నేను కసమ్ వేసి చెప్తాను. ఆమె క్యాలెండర్‌లో మా పాపకు ఉన్న గడి అదే. పాప ఇంటికొచ్చి అడిగింది, "అమ్మా, నేను రోజూ ఉన్నట్టే వెళ్తే ముస్లింను కానా?"

కోపం ఒక్క వైపే ఉంటే రాయడం సులువు. అదే సంవత్సరం మా ఆయన ఒక ముషాయిరాకు పోయారు. ఆయనకు షాయరీ అంటే ఇష్క్, రాయడం రాకపోయినా వినడం వచ్చు. పక్కన కూర్చున్న జనాబ్ మాటల్లో మాటగా "ఘర్ మే క్యా బోల్తే ఆప్ లోగ్?" అని అడిగారు. తెలుగు అన్నారు ఈయన. "అచ్ఛా..." అన్నారట ఆయన. ఆ అచ్ఛా ఎంత పొడుగ్గా ఉందో మా ఆయన ఇప్పటికీ చేసి చూపిస్తారు. దూదేకుల అనీ, నూర్‌బాషా అనీ, చదువులేని పల్లెటూరి వాళ్లనీ మనలోనే మనం గీసుకున్న గీతలన్నీ ఆ ఒక్క అచ్ఛాలో ఉన్నాయి. బయటివాళ్లు మనకు వేషం వేస్తున్నారని ఫిర్యాదు చేసే ముందు, మన మహఫిల్‌లో తెలుగు ముసల్మాన్‌కు ఏ చాప వేశామో చెప్పండి.

ఆడవాళ్ల సంగతి చెప్పనే అక్కర్లేదు. మన జలసాల్లో మాకు పరదా వెనకైనా నాలుగు కుర్చీలు వేయరు. వంద మందికి ఖుబూలీ వండమంటే మాత్రం మా ఇంటి నంబర్ గుర్తొస్తుంది.

కానీ ఈ షహర్ తబియత్ మొదట్నుంచీ ఇలా లేదు. 1591లో ఈ ఊరికి బునియాద్ వేసిన మహమ్మద్ కులీ కుతుబ్ షా తన దక్కనీ షాయరీలో పండగల సంవత్సరమంతా రాసిపెట్టాడు. ఈద్ ఉంది, మీలాద్ ఉంది, షబె బరాత్ ఉంది, నౌరోజ్ ఉంది. బసంత్ కూడా ఉంది, మృగశిర కార్తె వానలూ ఉన్నాయి. అందులో ఇది నాది, అది నీది అన్న హిసాబ్ కనబడదు. ఆయన తండ్రి ఇబ్రహీం కుతుబ్ షాను తెలుగు కవులు 'మల్కిభరాముడు' అని ముద్దుగా పిలుచుకున్నారు. పొన్నికంటి తెలగన అచ్చతెలుగులో 'యయాతి చరిత్ర' రాసి అంకితమిచ్చింది ఎవరికి? అమీన్‌ఖాన్‌కి. అచ్చతెలుగు కావ్యానికి కృతిభర్త ఒక ఖాన్ సాబ్! మా పాప టీచర్‌కు ఈ సంగతి ఎవరైనా చెప్పి ఉంటే పద్యాలు మాకు కానివని అనుకునేది కాదు. ఎవరు చెప్పాలి మరి? మనం కాదా?

నుమాయిష్ చూడండి. 1938లో ఉస్మానియాలో చదువుకున్న కుర్రవాళ్లు బాగె ఆమ్‌లో మొదలుపెట్టారు. పేరు నుమాయిషె మస్నుఆతె ముల్కీ, అంటే దేశీ సరుకుల ప్రదర్శన. 1946లో నాంపల్లికి మారింది. ఇప్పటికీ జనవరి ఒకటి నుంచి 46 రోజులు. ఆ ఆమ్దనీతో విద్యా సంస్థలు నడుస్తున్నాయి. అక్కడ కశ్మీరీ శాలువా, లక్నో చికన్, మిర్చీ బజ్జీ, జెయింట్ వీల్ అన్నీ ఒక్క గేటు లోపలే. ఎవరూ ఎవరినీ 'ఫలానాలా రెడీ అయి రండి' అనరు. జూన్‌లో మృగశిర కార్తె నాడు అదే గ్రౌండ్‌లో చేప మందు కోసం వరుసలు కడతారు. మందు పని చేస్తుందా లేదా అన్నది డాక్టర్లు చూసుకుంటారు. నాకు ఆ వరుస ముఖ్యం. బురఖా వెనక బొట్టు, బొట్టు వెనక గడ్డం, అందరి చేతుల్లో ఒకే టోకెన్. తహజీబ్ అంటే నాకు గుర్తొచ్చేది ఆ వరుసే, స్టేజీ కాదు.

ఇంకొకటి ఉంది, దాన్ని ఏ టూరిజం పోస్టర్ మీదా వేయరు. 2023లో మీలాదున్నబీ, గణేశ్ నిమజ్జనం ఒకే రోజు పడ్డాయి, సెప్టెంబర్ 28. మన పెద్దలు కూర్చుని మీలాద్ జులూస్‌ను అక్టోబర్ 1కి జరిపారు. 2024లో నిమజ్జనం సెప్టెంబర్ 17, జులూస్ 19కి జరిగింది. 2025లో మళ్లీ వాయిదా. మూడేళ్లు వరుసగా! లైట్లు లేవు, మైక్ లేదు, ఒక గదిలో నలుగురు చాయ్ తాగుతూ చేసిన ఫైసలా అది. 1990 డిసెంబర్ చూసిన షహర్ ఇది. ఆ ఫైసలా ఖీమత్ ఏమిటో కర్ఫ్యూ రోజుల్లో పాలప్యాకెట్ కోసం గోడ దూకిన వాళ్లను అడగండి.

"ప్రతిసారీ మనమే ఎందుకు జరగాలి?" అని మా తమ్ముడు అడిగాడు. వాడి గుస్సా బేకార్ అని నేను అనను. నాకూ లోపల చిన్న కసక్ ఉంది. కానీ నిమజ్జనం తిథి మీద నడుస్తుంది. మనకు ఆ రోజు చదవాల్సిన దరూద్‌ను ఎవరూ జరపలేదు, జరిగింది జులూస్ ఒక్కటే. దీన్‌లో రవ్వంత తగ్గలేదు, ఇజ్జత్ పెరిగింది. నా ఫిర్యాదు వేరే. మూడేళ్లు జరిగిన మేజ్బానీకి షహర్ క్యాలెండర్‌లో ఒక్క లైనైనా లేదు. హలీమ్‌కు గుర్తింపు ఉంది, ఈ సబర్‌కు లేదు.

హిసాబ్ కూడా వినండి. మన చాంద్ సంవత్సరం ఏటా దాదాపు 11 రోజులు ముందుకు జరుగుతూ పోతుంది. 2026లో మీలాద్ ఆగస్టులో, వినాయక చవితి సెప్టెంబర్‌లో. మళ్లీ రెండూ ఎదురుపడేసరికి దాదాపు 30 ఏళ్లు. అప్పుడు ఆ గదిలో కూర్చునేది మన పిల్లలు. అవతల కూర్చునేది మా పాపతో చదివిన పిల్లలు. మా పాపను ఆకుపచ్చ దుపట్టాలో, బిర్యానీ డబ్బాతో మాత్రమే చూసిన వాళ్లు ఆ రోజు ఆమెతో ఏం మాట్లాడతారు? ఆమె ఏ భాషలో మాట్లాడుతుంది? నా భయమంతా ఇదే.

సర్కారుకు దరఖాస్తులు పెట్టేవాళ్లు పెట్టండి. రవీంద్రభారతిలో, సాహిత్య ఉత్సవాల్లో తెలుగు ముస్లిం కవులను కవులుగా పిలవమని అడగండి. 1991లోనే ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ' రాశారు. 1998లో 'జల్‌జలా' కవితల సంకలనం, 2004లో 'వతన్' కథల సంకలనం వచ్చాయి. అంతకు ఎంతో ముందే పిఠాపురంలో ఉమర్ ఆలీషా పద్యాలు రాశారు. పుస్తకాలు ఉన్నాయి, పిలుపే లేదు. ఇంతకీ మన ఇళ్లల్లో ఈ పుస్తకాలు ఎన్ని ఉన్నాయి? మా అల్మారీలో మొన్నటి దాకా ఒక్కటే ఉండేది, అదీ తీసుకున్నవాళ్లకు తిరిగివ్వనిది.

డిసెంబర్లో ఎన్టీఆర్ స్టేడియంలో బుక్ ఫెయిర్ పెడతారు. మేం నాలుగు ఖాందాన్ల వాళ్లం ఒక ఆదివారం అసర్ నమాజ్ చదువుకుని పోదామనుకుంటున్నాం. పిల్లలు తలా ఒక తెలుగు పుస్తకం, పెద్దలు తలా ఒక ముసల్మాన్ రాసిన తెలుగు పుస్తకం కొనాలన్నది షరతు. పాప పద్యాలు చెప్తుంది, వినేవాళ్లు ఎంతమంది ఉంటే అంతమంది. ఉర్దూ వచ్చిన వాళ్లూ రండి, ఆ పొడుగు అచ్ఛా జనాబ్‌ను కూడా మా ఆయన ఫోన్ చేసి పిలిచారు. వస్తానన్నారు. తినడానికి నేనే తెస్తాను. బిర్యానీ మాత్రం కాదు, పులిహోర.