గోడ మీద గీత, ఎదుటివారి ప్రాణం

లింగాల నుంచి అచ్చంపేటకు రాత్రిపూట వెళ్లే బైకులవాళ్లకు, రోడ్డంచున నడిచేవాళ్లకు పెద్ద ముప్పు చీకటి కాదు, ఎదురొచ్చే కారు వెలుగు. దీపం ఒక్క డిగ్రీ పైకి లేస్తే 50 మీటర్ల దూరంలో ఆ వెలుగు దాదాపు 87 సెంటీమీటర్లు ఎత్తుకెక్కి సూటిగా కళ్లలో పడుతుంది. ఎనిమిది మీటర్ల దూరంలో, మీటరున్నర ఎత్తులో ఉన్న కంటిని మిరుమిట్లు గొలపకూడదని 1989 కేంద్ర మోటారు వాహన నిబంధనల్లో 106వది చెబుతోంది. కానీ సొంత కారుకు పదిహేనేళ్లదాకా ఫిట్‌నెస్ పరీక్ష లేదు. కాబట్టి బాధ్యత యజమానిదే. టైర్లలో గాలి సరిచూసి, సమతలమైన నేలపై గోడకు పది మీటర్ల దూరంలో కారు నిలిపి, డ్రైవరు సీట్లో ఒకరు కూర్చోవాలి. దీపం మధ్యభాగం ఎత్తును గోడపై గుర్తించి, దానికి పది సెంటీమీటర్ల కింద గీత గీయాలి. సాధారణంగా లో బీమ్ పైఅంచు అక్కడికి రావాలి. కంపెనీ పుస్తకం వేరే కొలత చెబితే అదే ప్రమాణం. దీపం వెనకున్న స్క్రూతో సరిచేయవచ్చు.

ఇంటి కొలత గ్యారేజీ యంత్రమంత కచ్చితం కాదన్న అభ్యంతరం నిజమే. అయినా అసలు చూడకపోవడం కన్నా అది ఎంతో మేలు, అనుమానముంటే మెకానిక్ ఉన్నాడు. దించితే దారి కనిపించదన్న భయమూ సరికాదు: 70 సెంటీమీటర్ల ఎత్తున్న దీపం ఈ లెక్కన 70 మీటర్లదాకా వెలుగునిస్తుంది. ఖాళీ రోడ్డుపై హై బీమ్ ఎలాగూ ఉంది. వెనక బరువు ఎక్కితే ముందుభాగం లేస్తుంది గనుక, సామాను నింపిన రోజున లెవెలింగ్ చక్రం తిప్పి వెలుగు దించాలి. ఫిట్‌నెస్ పరీక్ష వచ్చేదాకా ఆగకుండా, ప్రతి సర్వీసింగ్‌లోనూ ఈ తనిఖీ అడగడం మన హక్కు, చేయించడం మన ధర్మం.