మూడు మోటార్లదే కొందాం, బీరువాలో మాత్రం పెట్టొద్దు



మన సైన్సు క్లబ్బుకి ఈ ఏడు డ్రోన్ కిట్ కొనడానికి డబ్బు వచ్చింది. ఒక్కదానికే సరిపోతుంది. నాలుగు మోటార్ల క్వాడ్‌కాప్టరా, మూడు మోటార్ల ట్రైకాప్టరా అని డైనింగ్ హాల్లో వారం నుంచి ఒకటే గొడవ. ఎక్కువమంది నాలుగే అంటున్నారు. నేను మూడు అంటున్నా. "ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి" అని నవ్వారు. నవ్వండి గానీ, ముందు ఇది చదవండి.

మూడు రాళ్ల పొయ్యి కదలదు. మూడు మోటార్ల డ్రోన్ మాత్రం ఊరికే ఉండదు. ప్రొపెల్లర్ ఒక వైపు తిరిగితే బాడీని రెండో వైపు తోస్తుంది. మనం చదువుకున్న న్యూటన్ మూడో నియమమే ఇది. క్వాడ్‌లో రెండు కుడికి, రెండు ఎడమకి తిరుగుతాయి కాబట్టి లెక్క సరిపోతుంది. మూడింటిలో జత కుదరదు. అందుకే వెనక మోటారును సర్వో అనే చిన్న యంత్రం అటూ ఇటూ వంచుతుంది. డ్రోన్ ముఖం తిప్పేది కూడా అదే. ఈ తోకను మన చేత్తో బిగించినవాడు ఆ నియమాన్ని పరీక్ష అయ్యాక కూడా మర్చిపోడు.

క్వాడ్ తేలిక, అందులో వంగే భాగమే లేదు అంటారు. నిజమే. ఎగరేయడమే ముఖ్యమైతే అదే కొనండి. ట్రైకాప్టర్ నేలకి గట్టిగా తగిలితే ముందు దెబ్బతినేది తోకే. అందుకే సర్వోలు రెండు, ప్రొపెల్లర్లు నాలుగైదు జతలు ఎక్కువ కొనాలి. ఒక మోటారు, దాని స్పీడ్ కంట్రోలర్ తగ్గుతాయి కదా, ఆ డబ్బు దీనికి పెట్టొచ్చు. బోర్డు మాత్రం సర్వోకి వైరు ఇచ్చే చోటు ఉన్నదే తీసుకోవాలి.

నాకు అన్నిటికంటే నచ్చింది దాని చేతులు. స్వీడన్‌లో డేవిడ్ విండెస్టాల్ అనే ఆయన తన ట్రైకాప్టర్లకి మామూలు చెక్క కర్రలు వాడి, ఎలా చేశాడో అందరికీ చూపించాడు. కింద పడితే ముందు చేతులు వెనక్కి ముడుచుకుంటాయి. విరిగినా కర్రే కదా! కణుపులు లేని తిన్నని ఎండు కర్ర మన ఏజెన్సీలో దొరకదా? చెక్కే వడ్రంగి లేడా? ప్లాస్టిక్ చెయ్యి విరిగితే పార్సిల్ కోసం ఎన్నాళ్లు చూస్తాం?

కొనేటప్పుడు ఒక జాగ్రత్త. 2022 ఫిబ్రవరిలో ప్రభుత్వం విదేశీ డ్రోన్ల దిగుమతిని నిషేధించింది. విడదీసిన కిట్ రూపంలో తెచ్చినా అదే నిషేధం. విడిభాగాలకు ఆ నిషేధం లేదు. కాబట్టి భాగాలు విడిగా తెచ్చుకుని ఫ్రేము మనమే చేసుకుంటే సరి. 2021 డ్రోన్ నియమాల్లో, 250 గ్రాముల నుంచి 2 కిలోల లోపు డ్రోన్‌ని వ్యాపారానికి కాకుండా ఎగరేస్తే పైలట్ లైసెన్సు అక్కర్లేదని ఉంది. అయినా సార్ అనుమతితో, గ్రౌండులోనే, కంటికి కనిపించేంత ఎత్తులోనే ఎగరేద్దాం.

ఇక వార్డెన్ సార్‌కి ఒక విన్నపం. నేను 6వ తరగతిలో ఉండగా టెలిస్కోప్ వచ్చింది. మొదటి రోజు ఫోటోలు తీశారు. తర్వాత పాడైపోతుందని బీరువాలో పెట్టారు. ఇప్పుడు దాని అద్దానికి బూజు పట్టింది. నాకు 10వ తరగతి అయిపోవస్తోంది. అందులోంచి చంద్రుణ్ణి ఒక్కసారి కూడా చూడలేదు సార్.

తాళం వేయాల్సింది ఒక్క బ్యాటరీకి. లిథియం పాలిమర్ బ్యాటరీ ఉబ్బినా, దెబ్బ తగిలినా, ఎక్కువ ఛార్జి ఎక్కినా అంటుకోవచ్చు. దాన్ని మంచాల దగ్గర పెట్టకూడదు. రేకు పెట్టెలో మీ దగ్గరే ఉంచండి. ఛార్జింగ్ పెట్టినంతసేపు ఒకరు పక్కనే కూర్చుంటాం. గదిలో మోటార్లు పరీక్షించేటప్పుడు ప్రొపెల్లర్లు తీసేస్తాం. మిగతా సామానంతా బల్ల మీదే ఉండనివ్వండి. 6వ తరగతి చిన్నోళ్లు కూడా ఒక్కో స్క్రూ బిగించాలి.

విరుగుతుంది, తప్పదు. విరిగితే బాగుచేస్తాం. టెలిస్కోప్ విరగలేదు, కానీ ఎవరికీ పనికిరాలేదు.

ఇది నా అభిప్రాయం. క్వాడ్ కావాలనేవాళ్లు వచ్చే వారం ఇదే గోడ మీద జవాబు రాయండి. తప్పులుంటే మన్నించండి.

— 10వ తరగతి విద్యార్థి, సైన్సు క్లబ్బు