తెగినతీగ నెవరతుకవలెను?

2017 డిసెంబరు 27న మన గుంటూరుజిల్లా వెలగపూడిలో నాటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవిందుగారు ఫైబర్‌నెట్టును ప్రారంభించిరి. టెలివిజను, టెలిఫోను, ఇంటర్నెట్టు మూడును నెలకు 149 రూపాయలకే యని నాటి మాట. నేల త్రవ్వక కరెంటుస్తంభములమీదుగా గాజుతీగ లాగుటచే వ్యయము తగ్గినది. ఊరిదాక తెచ్చుట ప్రభుత్వము వంతు. ఇంటిలోనికి తెచ్చుట కేబులువారి వంతు. పొత్తు మంచిదే. కాని తీగ తెగినచో? రాగితీగవలె చేతితో మెలిపెట్టిన కుదరదు. యంత్రముతో కరగించి అతుకవలెను. మొన్నటి గాలివానకు కళ్లములో మిరపకాయ తడిసిననాడే మా వీధితీగయు తెగి తొమ్మిదిదినములు వ్రేలాడినది. పురుషులకు పోయినవి వార్తలు. మన బాలికలకు పోయినవి పరీక్షపాఠములు. కావున సొమ్ము చెల్లించునపుడు చానళ్లెన్నియని కాక, తెగినతీగ నెన్నాళ్లలో అతుకుదురని అడిగి, రసీదుమీద వ్రాయించుకొనుడు. మేమడిగినపుడు కేబులబ్బాయి నవ్వెను. పిదప "మూడుదినములు" అని వ్రాసియిచ్చెను.