దారిలో దిగవలసిన ఊళ్ళు

సెలవులు వచ్చాయంటే మన ఇళ్ళల్లో ఒకటే చర్చ: ఎక్కడికి వెళదాం? పిల్లలు ఊటీ అంటారు. బామ్మగారు తిరుపతి అంటారు. ఇంటి యజమాని జేబు తడుముకుని "చూద్దాం" అంటాడు. ఆ "చూద్దాం" లోనే సెలవులు కాస్తా అయిపోతాయి. ముగ్గురికీ పనికివచ్చే మాట ఒకటి ఈ వారం చెబుతాను. బెజవాడలో బందరు బస్సెక్కండి. అయితే బందరు దాకా ఒక్క బిగిన పోకండి. దారిలో దిగండి.

కృష్ణా జిల్లా 2022లో రెండయింది. బెజవాడ, కొండపల్లి అవతలి జిల్లాలోకి పోగా, సముద్రం వైపు పల్లపు భాగం బందరు ముఖ్యపట్టణంగా పాత పేరుతోనే మిగిలింది. ఇక్కడ కొండలు లేవు, జలపాతాలు లేవు. చల్లగాలి కావాలంటే కాలవగట్టున చెట్టు నీడన నిలబడవలసిందే. 1855లో బెజవాడ ఆనకట్ట కట్టి కాలవలు తవ్వారు. ఆనకట్ట స్థానంలో 1957కి ప్రకాశం బారేజీ వచ్చింది. ఈ పచ్చదనం అంతా ఆ నీటి చలవే. తమాషా ఏమిటంటే ఈ ఊళ్ళ పేర్లు మనకు చిన్నప్పటినుంచీ నోటికి వచ్చినవే. కూచిపూడి అంటే నాట్యం, మువ్వ అంటే గోపాలుడు, బందరు అంటే లడ్డు. పేరు ఇంటింటా వుంది. ఊరు మాత్రం బస్సు కిటికీలోంచి వెనక్కి పరుగెత్తుతూ వుంటుంది.

పామర్రు దగ్గర రోడ్డు చీలుతుంది. కుడివైపు మళ్ళితే కొంచెం దూరంలోనే కూచిపూడి. "ఇంతేనా?" అంటారు పిల్లలు. అవును, ఇంతే. రామలింగేశ్వరుడి గుడి, అగ్రహారం వీధులు, నాట్యం నేర్పే బడి. గోల్కొండ నవాబు తానీషా భాగవతుల ప్రదర్శన చూసి మెచ్చి ఈ ఊరిని వారికి రాసి యిచ్చాడని చెబుతారు. వేదాంతం, వెంపటి, చింతా, పసుమర్తి వంటి ఇంటిపేర్లు ఇక్కడివే. తరతరాలుగా ఇక్కడ ఆడవేషం కట్టింది మగవారే. 1970లో పద్మశ్రీ అందుకున్న వేదాంతం సత్యనారాయణ శర్మగారు సత్యభామ వేషానికి పెట్టింది పేరు. భామ తెర మీదుగా తన జడ వేసి సభకు సవాలు విసిరే ఘట్టాన్ని పట్నంలో వేదిక మీద చూసి చప్పట్లు కొట్టినవారున్నారు. ఆ ఆట పుట్టిన వీధి ఇంత ఇరుకైనదని చూసినప్పుడు కలిగే ఆశ్చర్యం వేరు. మధ్యాహ్నం ఎండలో వెళ్ళి "ఏమీ లేదండీ" అని పెదవి విరవకండి. సాయంత్రం పూట వెళ్ళండి.

మువ్వ పక్కనే. క్షేత్రయ్య పదాలలో మువ్వగోపాలుడు ఈ ఊరి వేణుగోపాలస్వామేనని మనవారి నమ్మకం. జాతీయ పతాకానికి రూపం యిచ్చిన పింగళి వెంకయ్యగారు పుట్టిన భట్లపెనుమర్రు కూడా ఈ చుట్టుపక్కలదే. 1921లో బెజవాడలో గాంధీగారికి జెండా నమూనా చూపించింది ఈయనే. జెండా పండుగనాడు బడిలో మిఠాయి తిన్న పిల్లలకు ఆ ఊరు చూపించడం ఎంతో పెద్ద ప్రయాణమేమీ కాదు.

ఇక ఘంటసాల. ఇప్పుడు సముద్రానికి ఎంతో దూరంగా, పొలాల మధ్య వుంది. కాని క్రీస్తుశకం రెండవ శతాబ్దంలో టాలెమీ తన భూగోళ గ్రంథంలో చెప్పిన వర్తక కేంద్రం "కంటకోస్సిల" ఇదేనంటారు పండితులు. బౌద్ధస్తూపం తాలూకు దిబ్బ వుంది, చిన్న ప్రదర్శనశాల వుంది. ఇక్కడి శిల్పాలు కొన్ని పారిస్ నగరంలో గిమే మ్యూజియంలో వున్నాయి. పారిస్ వాళ్ళు టిక్కెట్టు కొని చూసేవాటి పుట్టిల్లు మనకు బస్సు చార్జీకే వస్తోంది! ఆ దగ్గర్లోనే శ్రీకాకుళం. ఉత్తరాన వున్న జిల్లా కాదు సుమా, కృష్ణ ఒడ్డున వున్న పల్లెటూరు. కళింగ దండయాత్రకు వెళుతూ కృష్ణదేవరాయలు ఇక్కడ ఏకాదశి ఉపవాసం చేశాడనీ, ఆంధ్రమహావిష్ణువు కలలో కనిపించి తెలుగులో కావ్యం రాయమన్నాడనీ "ఆముక్తమాల్యద" చెబుతుంది. మిగిలిన గుళ్ళలో వరాలు కోరుకుంటాం. ఈ గుళ్ళో దేవుడే కోరాడు.

చల్లపల్లిలో కాఫీకి ఆగండి. జమీందారీ నాటి కోట గురించి ఎవరైనా చెబుతారు. నేను చెప్పదలచింది వేరు. 2014 నుంచీ ఈ ఊళ్ళో కొంతమంది తెల్లవారుజామున లేచి, చీపుళ్ళు పట్టుకుని తామే వీధులు ఊడుస్తున్నారు, చెట్లు నాటుతున్నారు. జీతం లేదు, పదవి లేదు. గుమ్మం ముందు చెత్తకు పురపాలక సంఘాన్ని తిట్టడమే తప్ప వేరే ఎరగని మనవంటివారు ఒకసారి చూడవలసిన దృశ్యం.

అక్కడనుంచి మోపిదేవి. సుబ్రహ్మణ్యేశ్వరుడి గుడిలో లింగం పాము చుట్టమీద వున్నట్లు వుంటుంది. పిల్లల పుట్టువెంట్రుకలకూ, చెవులు కుట్టించడానికీ జనం వస్తూనే వుంటారు. అది దాటితే పులిగడ్డ. కృష్ణమ్మ ఇక్కడ రెండు పాయలవుతుంది. ఆ పాయల నడుమ నేలే దివిసీమ. పులిగడ్డ అక్విడక్టు మీదుగా కాలవ నీళ్ళు నది పాయను దాటి అవనిగడ్డ వైపు పోతాయి. కింద ఏరు, పైన కాలవ! పిల్లలకు పాఠ్యపుస్తకంలో బొమ్మ కన్న ఇది బాగా అర్థమవుతుంది.

దివిసీమకు వెళ్ళేవారు సాధారణంగా హంసలదీవిలో వేణుగోపాలస్వామిని సేవించుకుని, సాగరసంగమం చూసి తిరిగి వచ్చేస్తారు. మాఘపూర్ణిమకు అక్కడ ఇసుక రాలనంత జనం. పోనీ ఆ రోజు కాకుండా, మామూలు రోజున వెళ్ళండి. దారిలో అరవై దాటిన వారెవరైనా కనిపిస్తే 1977 నవంబరు 19 సంగతి అడగండి. ఆ రోజు ఉప్పెన పొలాల మీదుగా మైళ్ళకొద్దీ లోపలికి వచ్చింది. సర్కారు లెక్కలోనే పదివేల పైచిలుకు జనం పోయారు. సొర్లగొంది వంటి ఊళ్ళు తుడిచిపెట్టుకు పోయాయి. తాటిచెట్ల మొదళ్ళను కావలించుకుని రాత్రంతా గడిపి బతికినవారున్నారు. ఆ కథ వారి నోట వినే అవకాశం ఏటేటా తగ్గిపోతోంది. పిల్లల్ని పక్కన కూర్చోబెట్టి వినిపించండి. భయపడతారని సందేహించకండి. ఆ మాటలు విన్న తరువాత అవే పొలాల్లో వరిచేలు చూస్తే, వాటిని మళ్ళీ పండించినవారి మీద వారికే గౌరవం కలుగుతుంది.

తిరుగు ప్రయాణంలో చల్లపల్లి మీదుగా బందరు, అక్కడినుంచి పది కిలోమీటర్లు పెడన. ఇక్కడ మాత్రం కనీసం సగం రోజు కేటాయించాలని గృహిణులకు నా ప్రత్యేక మనవి. కలంకారీ అద్దకం ఊరిది. మొదట బట్టలో గంజి పోయేదాకా ఉతుకుతారు, ఎండకు వేస్తారు. తరువాత కరక్కాయ పొడి, గేదెపాలు కలిపిన నీళ్ళలో ముంచుతారు. పాలెందుకయ్యా అంటే, రంగు పక్కకు పాకకుండా పట్టి వుంచడానికి. తుప్పుపట్టిన ఇనుము, బెల్లం నీళ్ళలో రోజుల తరబడి ఊరబెడితే నలుపు. పటిక అద్దినచోట ఎరుపు. టేకు చెక్కలో చెక్కిన అచ్చును రంగులో ముంచి, బట్టమీద పెట్టి, అరచేత్తో ఒక్క దెబ్బ! అంచు కలవడం చూస్తూ వుంటే రెప్ప వేయబుద్ధికాదు. ఆ తరువాత పారే నీళ్ళలో జాడించి, రంగుచెక్కలు, ఆకులు వేసి మరిగిస్తారు. అప్పటిదాకా మొహం చూపించని ఎరుపు అప్పుడు బయటపడుతుంది.

ఈ పనికి ఎండ కావాలి, పారే కాలవ కావాలి, తొందరలేని మనిషి కావాలి. వేసవిలో కాలవలు కట్టేస్తే పని కుంటుపడుతుంది. అంతకన్న పెద్ద చిక్కు మరొకటి వున్నది. అదే చిత్తరువును రసాయనపు రంగులతో, స్క్రీనుతో గంటలో అచ్చు కొట్టి, అదే పేరుతో సగం ధరకు అమ్ముతారు. కొనేవారికి తేడా తెలియదు. తెలియనప్పుడు ఖరీదైనది ఎందుకు కొంటారు? చేతి అచ్చువేసేవాడి కొడుకు తండ్రి పని ఎందుకు నేర్చుకుంటాడు? ఒక్కపూట ఆ బల్ల దగ్గర నిలబడి చూసిన ఇల్లాలికి మాత్రం ఏ దుకాణదారూ మాయ చేయలేడు. బట్ట తిరగేసి చూస్తుంది, అచ్చు మీద అచ్చు వెంట్రుకవాసి తప్పినచోట వేలు పెట్టి "ఇది చేత్తో వేసిందే" అంటుంది. వాసన చూసినా తెలుస్తుంది. పెడనలో బేరమాడండి, తప్పులేదు. కాని ఆ పని చూసిన తరువాత ఆడండి.

ఎప్పుడు వెళ్ళాలంటే, కార్తీకం నుంచి మాఘం దాకా మంచిది. కాలవల్లో నీళ్ళు వుంటాయి, ఎండ బాధించదు. సొంత కారు వుంటే వుంది గాని, పల్లెవెలుగు బస్సే నా సలహా. ప్రతి ఊళ్ళో ఆగుతుంది. పక్క సీటు పెద్దమనిషి మీ ఇంటిపేరు అడిగి, చుట్టరికం కలిపి, ఎక్కడ దిగాలో తానే చెబుతాడు. రాత్రి బసకు బందరు చేరుకోండి.

బందరు లడ్డు గురించి వేరే చెప్పాలా? శనగపిండిని నేతిలో వేయించి, దంచి, జల్లించి, బెల్లంపాకంలో వేసి మళ్ళీ రోకలితో తొక్కుతారు. అందుకే తొక్కుడు లడ్డు. పొద్దున్నే వెళితే వేడిగా దొరుకుతుంది. కిలో కొంటే బెజవాడ చేరేసరికి ముప్పాతిక కిలో మిగులుతుంది, పిల్లలు వెంట లేకపోతే.